పొడుగమ్మాయి మీద ఫిర్యాదు

ఆ నాలుగో ప్రశ్న ఇంకోసారి చదవండమ్మా. "ఇంటికొచ్చే సేవిక మీతో మర్యాదగా మాట్లాడుతుందా?" అనే కదా? అసలంటూ మాట్లాడితే కదండీ, మర్యాదో కాదో తేలేది. చెవుల్లో ఆ బిళ్ళలు పెట్టుకుని వస్తుంది, పెట్టుకునే పోతుంది. నన్ను పక్కకి దొర్లిస్తూ "అన్నం తిన్నావా" అంటుంది. నన్నే అనుకుని మొదట్లో జవాబు కూడా చెప్పాను. అటువైపు ఎవడో ఉన్నాడు. అందుకే దానికి ఫోనమ్మ అని పేరు పెట్టుకున్నాను.

ఆ గడిలో ఏముంది? "పాక్షికంగా సంతృప్తికరం." పాక్షికంగా అంటే ఏంటమ్మా, ఒక చెవిలో బిళ్ళ తీసేసి మాట్లాడటమా?

కూర్చోండి ముందు. ఆ కుర్చీలో వద్దు, దాని కాలు ఊగుతుంది. మంచం అంచున కూర్చోండి, నా కాళ్ళకి తగిలినా ఫర్వాలేదు, వాటికి తెలీదు. బస్సు మెట్ల మీంచి పడి ఆరేళ్ళయింది. నడుం కింద ఉన్నదంతా నాది కాదు.

ఈ దుప్పటి చూశారా? మడత గీతలింకా పోలేదు. ఈ సేవికల్ని పంపే సంస్థ మేనేజరు నిన్న సాయంత్రం స్వయంగా మోసుకొచ్చాడు, ఇవాళ మీరొస్తున్నారని. గోడ మీద ఆ చార్టు కూడా నిన్న అంటించిందే. "ఆఫీసరమ్మ గారు అడిగితే అన్నీ బావున్నాయనండి పెద్దమ్మా, మన పరువు" అన్నాడు. మన పరువట. అతగాడి పరువుకి నా నోరు కాపలా.

నాకీ విద్య కొత్త కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర నిలబడ్డాను. కొనేవాళ్ళు వస్తున్నారంటే కట్టలో పైనుండే నాలుగు చొక్కాలూ చెయ్యి తిరిగినవాళ్ళ చేత కుట్టించేవాళ్ళు. వచ్చిన పెద్దమనిషి ఆ నాలుగూ తిరగేసి, టీ తాగి, సంతకం గీకి పోయేవాడు. నేను కట్ట అడుగునుంచి లాగేదాన్ని. ఒక్క కుట్టు జారినా పక్కన పడేసేదాన్ని. గద్దకళ్ళది అనేవాళ్ళు నన్ను. మీరిప్పుడు పైచొక్కా చూస్తున్నారమ్మా. కోపం తెచ్చుకోకండి, ఉన్న మాటే అన్నాను.

అడుగున ఏముందో చూద్దురుగాని, ఆ రిజిస్టరు ఇలా ఇవ్వండి. ఇదిగో, పోయిన గురువారం. "స్నానం చేయించడమైనది." గురువారం పొద్దుట్నుంచి చీకటి పడేదాకా ఈ వీధికి చుక్క నీళ్ళు రాలేదు. పక్కింటావిడ మొహం కడుక్కోడానికి నా తాగే నీళ్ళలోంచి చెంబుడు పట్టుకెళ్ళింది. మరి నాకు స్నానం దేంతో చేయించినట్టు? ఉమ్మితోనా?

"ఒంటి మీద పుండ్లు లేవు" అని కూడా రాసి ఉంటుంది. నా వీపు చూస్తారా? వద్దా? ఫారంలో వీపు చూడమని లేదేమో. సరే.

మొన్న సోమవారం నన్ను కమోడు కుర్చీలో కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తానండీ" అని ఫోనుతో వీధిలోకి పోయింది. గంటన్నర. గడియారం ఎదురుగానే ఉంది. మధ్యలో కొరియరు వాడొచ్చి తలుపు కొడితే, "తర్వాత రా నాయనా" అని ఆ కుర్చీలోంచే సెలవిచ్చాను. రాణిగారి దర్బారు.

ఏంటీ, ఫిర్యాదు చేశానా అనా? లేదు. చెయ్యను కూడా.

అలా చూడకండి. ఒకసారి చేశాను, పోయినేడు. మీ ఫైల్లో ఉండే ఉంటుంది, తిప్పండి. "సేవిక దురుసు ప్రవర్తనపై ఫిర్యాదు. రెండు రోజుల్లో తొలగింపు." ఉందా? దానికి మీవాళ్ళు ఎన్ని మార్కులు వేశారు? పదికి పది. మేనేజరు ఆ కాయితానికి అద్దం కట్టించి ఆఫీసులో తగిలించుకున్నాడట.

ఆ తొలగించిన పిల్లని నేను పొడుగమ్మాయి అనేదాన్ని. ఈ గుమ్మంలోంచి తల వంచుకుని రావాల్సిందే. రెండున్నరేళ్ళు చేసింది నాకు. నన్ను ముట్టుకునే ముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరుచుకునేది. ఉందా ఆ ప్రశ్న మీ ఫారంలో? నేను అలిగి తిననంటే పళ్ళెం తీసేసి, "ఆకలి మీది, పంతం మీది, మధ్యలో నాకేం" అనేది. నోరు పెద్దది. నాతో సమానంగా పోట్లాడేది.

నన్ను బయటికి తీసుకెళ్ళకూడదని వాళ్ళ రూలు. అయినా చక్రాల కుర్చీలో బజారుదాకా తోసుకెళ్ళి బట్టల కొట్టు ముందు ఆపేది. బొమ్మకి తొడిగిన చొక్కాలో నేను వంకలు పెడుతుంటే కొట్టువాడు బయటికొచ్చి కేకలేసేవాడు. ఇద్దరం నవ్వుకుంటూ ఇల్లు చేరేవాళ్ళం.

ఒకరోజు మధ్యాహ్నం నా కాలివేళ్ళ మధ్య తుడుస్తూ చెప్పింది. "పెద్దాస్పత్రిలో ఉద్యోగం వచ్చిందండీ. ఒకటో తారీఖున చేరమన్నారు. మీకు మంచి మనిషిని కుదిర్చే వెళ్తాను."

మంచిదే తల్లీ అన్నాను. నవ్వాను కూడా.

అది గడప దాటగానే మేనేజరుకి ఫోను చేశాను. నన్ను గిల్లిందని చెప్పాను. మోచేతి పైన కమిలిన మచ్చ ఒకటి ఉంది, తలుపు తగిలి అయింది. దాన్ని ఫోటో తీసి పంపించాను.

ఎందుకంటారేం? ఆస్పత్రివాళ్ళు సంస్థ నుంచి నడవడిక కాయితం అడుగుతారని తెలుసు నాకు. కాయితం ఆగితే ఉద్యోగం ఆగుతుంది, ఉద్యోగం ఆగితే నా దగ్గరే పడి ఉంటుంది. సంస్థవాళ్ళు మందలించి వదిలేస్తారులే అనుకున్నాను. అదీ నా తెలివి.

ఆ మేనేజరు ఒక్క ప్రశ్న అడగలేదమ్మా. ఎప్పుడు గిల్లింది, ఎందుకు గిల్లింది, ఒక్కటీ లేదు. ఇంటికొచ్చి మచ్చ చూసినా, అది గిల్లింది కాదని కళ్ళున్న ఎవడికైనా తెలిసేది. మీ ఆఫీసు నుంచీ ఎవరూ రాలేదు.

మూడో రోజు ఇంటి తాళంచెవి ఇచ్చేందుకు వచ్చింది. నిలదీస్తుంది, తిడుతుంది అనుకుని నేను మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను.  తాళంచెవి బల్ల మీద పెట్టింది. నా తలకింద దిండు జారి ఉంటే సర్దింది. పోతూ పోతూ తల వంచడం మర్చిపోయి గుమ్మానికి కొట్టుకుంది. 

ఆస్పత్రి ఉద్యోగం పోయింది. బస్టాండు క్యాంటీన్లో పళ్ళేలు కడుగుతోందట, పక్కింటావిడ చూసొచ్చి చెప్పింది.

ఈ ఫోను ఏడాదిగా నా పక్కలోనే ఉంది. అబద్ధం చెప్పానని చెప్పడానికి నిమిషం పట్టదు. కానీ చెప్తే సంస్థ నన్ను వదిలేస్తుంది. అప్పుడు ఆ ఫోనమ్మ కూడా రాదు. ఎంత రోత మనిషైనా రోజూ తలుపు తీసుకుని వచ్చేది అదొక్కతే. ఆ భయం. అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు.

ఇవాళ చెప్తున్నది పుణ్యం కోసమనుకునేరు. కాదు. నిన్న ఆ మేనేజరు దుప్పటి పరుస్తూ, "గిల్లిన పిల్లని ఎంత తొందరగా పీకేశామో అది కూడా మర్చిపోకుండా చెప్పండి పెద్దమ్మా" అన్నాడు. సరేనని తలూపాను. తెల్లారేదాకా ఆ మాటే తిరగేస్తూ పడున్నాను.

రాయడం ఆపేశారేం? చోటు లేదా? కాయితం వెనక్కి తిప్పండి. ఆ పిల్ల గిల్లలేదు, ముసలిదే అబద్ధమాడింది, అని రాయండి. సంతకం పెడతాను.

ఆ పిల్లకి దీనివల్ల ఒరిగేదేమీ లేదు లెండి. ఆ ఉద్యోగంలో ఎప్పుడో ఇంకొకరు చేరిపోయుంటారు. అయినా రాయండి.