పళ్ళెంలో పడ్డ జపాన్ అక్షరాలు

కంప్యూటర్లు బాగుచేసే ఆయనను ఆ వీధిలో అందరూ గిగాబైట్ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఆయన మాట విన్నాకే పెట్టి ఉంటారు. దుకాణంలో ఉన్నప్పుడు కంప్యూటర్లు విప్పుతాడు, టీ కొట్టు దగ్గర ఉన్నప్పుడు నోరు విప్పుతాడు. రెండోదే ఎక్కువసేపు.

ఆ రోజు పొద్దున పది గంటలకు ఒకామె ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. దుకాణానికి తాళం వేసి ఉంది. పక్కన గొడుగులు బాగుచేసేవాడు తల కూడా ఎత్తకుండా టీ కొట్టు వైపు చెయ్యి చూపించాడు.

ఆమె కంగారుకు కారణం ఉంది. ఆరేళ్ళు కష్టపడి జపాన్ భాష నేర్చుకుంది. ఇన్నాళ్ళకు మొదటి అనువాదం పని దొరికింది. నీళ్ళ పంపుల మీద అంటించే హెచ్చరికలు, రెండు పేజీలు, జపాన్ భాషలో టైపు చేసి మధ్యాహ్నం పన్నెండుకల్లా పంపాలి. పంపితే ఆ పంపుల వాడకం గురించిన ఎనభై పేజీల పుస్తకం కూడా ఆమెకే ఇస్తారు. పన్నెండు దాటితే ఇంకొకరికి. అనువాదం నోటుబుక్కులో పూర్తయింది, టైపు చెయ్యడమే మిగిలింది. తమ్ముడు ఆమె కోసం ఒక పాత ల్యాప్‌టాప్ కొని, "జపాన్ టైపింగుకు అన్నీ పెట్టించి ఇస్తానక్కా" అని మూడు రోజుల కిందట దాన్ని ఈ గిగాబైట్ చేతిలో పెట్టాడు.

టీ కొట్టు దగ్గర బెంచీ మీద గిగాబైట్ కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ఎదురుగా దర్జీ, ఒక లారీ డ్రైవరు. పొయ్యి దగ్గర కొట్టు నడిపే అత్త. వీధి మొత్తానికి ఆవిడ అత్తే.

"మా తమ్ముడు ఇచ్చిన ల్యాప్‌టాప్ తీసుకెళ్దామని వచ్చానండీ. ఆ జపాన్..."

"కూర్చోమ్మా, కూర్చో! నిండు నూరేళ్ళు నీకు. ఇప్పుడే దాని సంగతే ఎత్తాను. పెట్టె ఇదిగో, నా సంచిలోనే ఉంది, ఎక్కడికీ పోదు. అత్తా, ఈ అమ్మాయికి ఒక టీ."

ఆమె కూర్చుంది. సంచి ఆయన కాళ్ళ దగ్గరుంది. దాన్ని ఆయనే తియ్యాలి. ఈయనకు పని వచ్చునా రాదా అన్నది మాటల్లో తెలిసిపోతుందిలే అనుకుని చెవులప్పగించింది.

"ఏం చెబుతున్నాను? ఆఁ. జపాన్ టైపింగంటే తమాషా కాదు. వాళ్ళకు అక్షరాలు ఒక రకం కాదు, మూడు రకాలు. అందులో ఒక రకమైతే వేలల్లో ఉంటాయి, తెలుసా?"

నిజమే. ఆమెకు ప్రాణం కుదుటపడింది. ఈయనకు విషయం తెలుసు.

"అది సరేగానీ, నా కుట్టుమిషను పుస్తకం ఎప్పుడిస్తావోయ్?" అన్నాడు దర్జీ. "ఒక్కరోజు చూసి ఇస్తానని పట్టుకెళ్ళావు."

"ఇస్తానన్నా, నీ పుస్తకం నేనేం తింటానా? ముందు ఇది విను. వేల అక్షరాలు కదా, మరి కీబోర్డు మీద ఉన్న బటన్లు ఎన్ని? నూటికి కాస్త అటూఇటూ. ఎలా సరిపోతాయి? పెద్ద పెద్ద ఇంజనీర్లు ముగ్గురు ఇదే పెట్టె చూసి, దండం పెట్టి వెళ్ళిపోయారు. ఒకాయనైతే ఉద్యోగమే మానేశాడట. నేను మాత్రం భయపడలేదు. ఏం చేశానో తెలుసా? కొత్త కీబోర్డు చేశాను. మూడువేల బటన్లు!"

"మూడువేలా!" అన్నాడు లారీ డ్రైవరు.

ఆమె చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"మూడువేలంటే మాటలా తమ్ముడూ, నీ లారీ అంత పొడుగు వచ్చింది. దుకాణంలో పట్టలేదు. తలుపులోంచి బయటికి వచ్చి, మలుపు తిరిగి, పోస్టాఫీసు మెట్ల దాకా పోయింది. ఒక మాట టైపు చెయ్యాలంటే సైకిలెక్కాల్సిందే. మొదటి అక్షరం దుకాణంలో నొక్కడం, సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి రెండోది పోస్టాఫీసు దగ్గర నొక్కడం, మళ్ళీ వెనక్కి. ఒక్క ఉత్తరానికి రెండు టైర్లు అరిగిపోయాయి."

"నేను రోజూ ఆ వీధిలోనే ఊడుస్తాను, నాకెక్కడా కాలికి తగల్లేదే," అంది అత్త, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"నువ్వు ఊడ్చేది పొద్దున ఆరింటికి కదత్తా, నేను పరిచింది ఏడింటికి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? సైకిలు మీద ఎన్నాళ్ళని తిరుగుతాం, నాకూ మోకాళ్ళున్నాయి కదా. అందుకని మూడువేలూ మడతపెట్టి, నొక్కి, కుదించి, ఈ చిన్న ల్యాప్‌టాప్‌లోనే ఇమిడ్చేశాను. ఎలా అని అడగొద్దు, అది వృత్తి రహస్యం."

"అండీ, ఒకసారి తెరిచి చూపిస్తే..." అందామె. కొట్టులో గోడ గడియారం పదింబావు దాటింది.

"ఉండమ్మా, అసలు కథ ఇప్పుడే మొదలైంది. అక్షరాలు ఎక్కించాను, టైపు చేశాను. స్క్రీను మీద ఏమీ లేదు! ఖాళీ! నా గుండె జారిపోయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ ఖాళీ. అప్పుడు తట్టింది. జపాన్‌వాళ్ళు పైనుంచి కిందికి రాస్తారు కదా! అక్షరాలు పైనుంచి దిగుతూ దిగుతూ, ఆగలేక, స్క్రీను అంచు దాటి కింద పడిపోతున్నాయి. బల్ల కింద చూద్దును కదా, ఇంతేసి కుప్ప!"

లారీ డ్రైవరు నోరు తెరిచాడు. "మరి వాటినేం చేశావన్నా?"

"ఏం చేస్తాను, మీ వదిన్ని పిలిచి పళ్ళెం తెమ్మన్నాను. బల్ల కింద పెట్టాను. టపటపా, టపటపా, వడగళ్ళు పడ్డట్టు పళ్ళెంలో అక్షరాలు. నిండగానే ఎత్తి మళ్ళీ పైన పోయడం. ఆ చప్పుడుకు పక్కింటి పసివాడు లేచి ఏడుపు. మూడు రోజులు, మూడు రాత్రులు!"

"నీకు మూడంటే ఇంత మోజేమిటోయ్," అన్నాడు దర్జీ. "నా పుస్తకం పట్టుకెళ్ళీ మూడు రోజులే అయింది."

"అబ్బ, ఉండన్నా. ఇక ఆ పెట్టెకు జపాన్ భాష ఎంత ఒంటబట్టిందంటే, మర్యాద కూడా వచ్చేసింది. ఒక్క అక్షరం కొడితే చాలు, మూత వంచి నమస్కారం పెడుతుంది. ఈ సంగతి జపాన్ దాకా పాకింది. అక్కణ్ణుంచి ఫోను. 'అయ్యా, మా దేశంలో ఉన్న కంప్యూటర్లన్నీ మీరే వచ్చి సరిచెయ్యాలి, విమానం పంపుతున్నాం' అని. నేనేమన్నానో తెలుసా? 'రాలేనండీ. డాబా మీద బట్టలు ఆరేసి ఉన్నాయి, వాన పడితే తీసేవాళ్ళు లేరు' అన్నాను. పాపం, వాళ్ళు ఏమంటారు? 'అయితే బట్టలు ఆరాకే రండి' అన్నారు."

కథ జపాన్ దాకా వెళ్ళేసరికి ఆమె ఆశ వీధి చివరికి వెళ్ళిపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది.

"బాబాయ్ గారూ, పన్నెండింటికి పంపాల్సిన కాగితాలున్నాయి నా దగ్గర. ఆ పెట్టె ఇప్పించండి."

"నువ్వా టైపు చేసేది? మీ తమ్ముడనుకున్నానే!"

"నేనే. జపాన్ భాష చదువుకున్నాను."

గిగాబైట్ మొహంలో రంగు కొంచెం మారింది. సంచిలోంచి పాత పేపరు చుట్టిన ల్యాప్‌టాప్ తీసి, బల్ల మీద పెట్టి, "జాగ్రత్తమ్మా, జిగురు పచ్చిగా ఉంటుందేమో," అన్నాడు చిన్నగా.

ఆమె మూత ఎత్తింది. అది నమస్కారమేమీ పెట్టలేదు. ప్రతి బటన్ మీదా చిన్న కాగితం ముక్క అంటించి ఉంది. ముక్క ముక్కకూ ఒక జపాన్ అక్షరం, దాని కింద సన్నని నీలం గీత. అంచులు ఎంత ఓపిగ్గా కత్తిరించాడంటే ఒక్కటీ వంకర లేదు. ఆ ముక్కల కింద ఇంగ్లీషు అక్షరాలు పూర్తిగా మూసుకుపోయాయి.

"చూశారా పనితనం!" అన్నాడు గిగాబైట్, గొంతు సవరించుకుని. "ఒక్కొక్క అక్షరం ఏరి ఏరి..."

"ఇక్కడ 'సూది' అని ఉంది," అందామె, ఒక బటన్ మీద వేలు పెట్టి. "ఇది 'దారం'. ఇది 'నూనె'."

దర్జీ మెల్లగా లేచి, కళ్ళజోడు పైకి తోసి, కీబోర్డు మీదికి వంగాడు.

"సూదీ, దారమూ, నూనెనా?" అన్నాడు. "ఏమోయ్... ఇవి నా మిషను పుస్తకంలోవి కావూ! ఆ నీలం గీత నాకు తెలియదా! జపాన్ నుంచి వచ్చిన పాత మిషను, ఉన్నది అదొక్కటే పుస్తకం, పదకొండేళ్ళుగా బొమ్మలు చూసి నడుపుకొస్తున్నాను. కత్తిరించేశావా!"

"అన్నా, ఒక్క పేజీయే, మిగతాదంతా భద్రంగా ఉంది..."

"పేజీ సంగతి తర్వాత, ఏ కత్తెరతో కత్తిరించావు? నా గుడ్డల కత్తెర కూడా కనబడటం లేదు!"

ఇద్దరూ తగువు పడుతుంటే ఆమె సెట్టింగులు తెరిచింది. భాషల జాబితాలో ఇంగ్లీషు ఒక్కటే ఉంది. జపాన్ జాడ లేదు. పదిన్నర. జపాన్ భాష చదువుకున్న చోట ఈ ఏర్పాటు వేరేవాళ్ళు చేసేవాళ్ళు, ఆమె చూస్తూ ఉండేది. 'భాష చేర్చు' అన్నచోట నొక్కింది. జాబితాలో కిందికి వెళ్ళి జపాన్ భాషను ఎంచుకుంది.

"నెట్టు కావాలి," అంది. "ఎవరి ఫోన్లో అయినా ఉందా?"

గిగాబైట్ మాట్లాడకుండా తన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. పొద్దుటి నుంచి ఆయన మాట్లాడకుండా చేసిన పని అదొక్కటే.

పది నిమిషాల్లో అయిపోయింది. ఆమె వేళ్ళకు బటన్ల చోట్లు అలవాటే. 'నూనె'ల మీదా 'సూది'ల మీదా నొక్కుతూ టైపు చేసింది. మాట పలుకు కొడితే ముందు తేలికైన జపాన్ అక్షరాలు వస్తాయి, స్పేస్ బార్ తడితే అవి కావలసిన పెద్ద అక్షరంగా మారతాయి.

"ఇంగ్లీషు బటన్లతో పలుకు కొడితే చాలా?" అన్నాడు దర్జీ, కోపం మరిచిపోయి. "మా కోడలు ఫోన్లో మన మాటలు కొట్టినట్టేనా?"

"అచ్చం అలాగే తాతగారూ. జపాన్‌లోనూ ఎక్కువమంది ఇలాగే కొడతారు."

"మూడువేల బటన్లు అక్కర్లేదా?" అన్నాడు డ్రైవరు, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

పదకొండూ నలభైకి రెండు పేజీలూ వెళ్ళిపోయాయి. అటునుంచి 'అందింది, పుస్తకం సంగతి సాయంత్రం మాట్లాడదాం' అని వచ్చాక ఆమె ఊపిరి వదిలి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

"ఇక ఆ ముక్కలు నాకిచ్చెయ్యమ్మా," అన్నాడు దర్జీ. "పుస్తకంలో మళ్ళీ అతికించుకుంటాను. ఎక్కడేది రావాలో నువ్వే చెప్పాలి."

"చెబుతాను. దానితోపాటు నూనె ఎక్కడ వెయ్యాలో కూడా చదివి చెబుతాను."

అత్త ఒక స్టీలు పళ్ళెం కడిగి, పైట చెంగుతో తుడిచి, బల్ల మీద పెట్టింది. ఆ అమ్మాయి గోటితో ఒక్కొక్క ముక్కా లేపి అందులో వేస్తోంది. సూది, దారం, నూనె. గిగాబైట్ మాత్రం ఫోను జేబులో పెట్టుకుని, దుకాణం తాళంచెవి కోసం వెతుక్కుంటున్నాడు.

అత్త పళ్ళెం వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"పాపం, ఊరికే అనుమానించాం," అంది. "పళ్ళెంలో అక్షరాలు పడుతున్నాయన్నాడు. పడుతూనే ఉన్నాయిగా!"