వేలి వెడల్పు

కొలత తప్పా? నాదా? ఏమ్మా, ముప్పై ఏళ్లు మెడలో టేపు వేసుకుని బతికిన దర్జీని పట్టుకుని కొలత తప్పని ఉత్తరం రాస్తారా? ఊళ్లో సగం మంది భుజాలు నాకు కంఠతా వచ్చు.

కూర్చుంటాను, కూర్చుంటాను. మంచినీళ్లొద్దు. ముందు నా మాట వినండి.

ఇదిగో మీ ఉత్తరం. మూతపడ్డ మిల్లు గోడ మీది తీగ. ప్రతి ఆదివారం అదే తీగ, అదే కొమ్మ. ఎనిమిది నెలలపాటు ఆకు సైజు పెరుగుతూనే వచ్చిందట. మండుటెండల్లో కూడా పెరిగిందట. రెండు నెలల కిందట ఉన్నట్టుండి మళ్లీ పాత సైజుకి వచ్చేసిందట. సంజాయిషీ ఇవ్వగలరు అని రాశారు. ఆకు వచ్చి సంజాయిషీ ఇస్తుందా అమ్మా! అందుకే నేనొచ్చాను.

అసలు ఈ పనిలోకి నన్ను దింపింది మా ఆవిడే. లైబ్రరీలో మీరు అంటించిన కాగితం చూసొచ్చి, మన చుట్టూ పెరిగే మొక్కల్ని ఫొటో తీసి పంపితే సైన్సుకి పనికొస్తుందట, పదండి అంది. చేతికింద ఇన్ని చొక్కాలు పెట్టుకుని పిచ్చిమొక్కల వెంట తిరగనా అని కసురుకున్నాను. ఆ ఆదివారమే వెళ్లాం. ఆవిడ మాట ఎప్పుడు నెగ్గలేదు గనక!

ఆ తీగకి మీరేదో పేరు చెప్పారు గానీ నాకు నోరు తిరగలేదు. మా ఆవిడ 'మొండిది' అని పేరు పెట్టేసింది. మట్టీ నీళ్లూ లేకుండా ఇటుకల సందులోంచి పుట్టుకొచ్చింది కదా మరి.

ఆకు పక్కన స్కేలు పెట్టి తియ్యమన్నారు. స్కేలు లేకపోతే వేలు పెట్టండి, వేలి వెడల్పు ఒక్కసారి కొలిచి రాసిస్తే చాలు, ఫొటోలో వేలితో పోల్చి ఆకు సైజు మేం లెక్క వేసుకుంటాం అన్నారు. అన్నారా లేదా? ఆఁ. నా మెడలో టేపుంది. అదే పెట్టబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "పెళ్లయినప్పట్నుంచీ నన్నొక్క ఫొటో తీసిన పాపాన పోలేదు. వేలైనా పడనివ్వండి" అంది.

ఉంగరం వేలు పెట్టింది. ఉంగరానికి కాస్త పైన కొలిచాను. పద్దెనిమిది మిల్లీమీటర్లు. నా చేత్తోనే రాశాను. కావాలంటే మీ ఫైలు చూసుకోండి.

మీరు కంప్యూటర్లో గీత గీసి చూపిస్తారు కదూ, ఆకు ఎంత పెరిగిందీ అని? ఆ గీత పైకి లేవగానే నేను ఎగిరి గంతేశాను. ఫోను పట్టుకుని వంటగదిలోకి పరిగెత్తాను. చూశావా, మన మొండిది ఎలా ఎదుగుతోందో అన్నాను. ఆవిడ చూసింది. "పోన్లెండి, మనలో ఎవరో ఒకరు ఒళ్లు చేస్తున్నారు" అని నవ్వింది.

నేనూ నవ్వానమ్మా.

ఆ రోజుల్లోనే బట్టలు వదులయ్యాయి, కుట్లు బిగించమంది. బిగించాను. మూడు నెలలకి మళ్లీ తెచ్చింది. ఉతికి ఉతికి గుడ్డ సాగదీస్తున్నావని విసుక్కున్నాను. దర్జీని నేను! కొట్టుకొచ్చినవాడి నడుం అరంగుళం తగ్గితే గుమ్మంలోనే పట్టేస్తాను. ఆవిడవి రెండుసార్లు బిగించి కూడా గుడ్డనే తిట్టాను.

ఆసుపత్రిలో డాక్టరు, ఈవిడ ఎన్నాళ్లుగా చిక్కిపోతోంది అని అడిగాడు. తెలీదండీ అన్నాను. మూడు వారాలు. అంతే, అయిపోయింది.

తర్వాత ఓ ఆదివారం ఒక్కణ్ణే వెళ్లాను. ఆకు పక్కన పెట్టడానికి టేపు తప్ప ఇంకేముంది నాకు? టేపు పెట్టి తీశాను. మీ గీత దభీమని కింద పడింది. మీరు ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరం వచ్చాకే ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. ఇదిగో, ఇది చూడండి. ఆకుని కాదమ్మా, ఉంగరాన్ని. దారం కనిపిస్తోందా? నీలం దారం. ఉంగరం జారిపోకుండా ఆవిడే చుట్టుకుంది. నా దారాల డబ్బాలోదే అది. వారం వారం ఆ వేలు నా కళ్లెదురుగా పెట్టుకుని, ఆకు ఈనెలు స్పష్టంగా పడ్డాయా లేదా అని చూసుకున్నాను. ఈ దారమేంటే అని ఒక్కనాడు అడగలేదు.

ఆకు పెరగలేదమ్మా. వేలు చిక్కిపోయింది. మీ లెక్కలో మాత్రం అది ఇంకా పద్దెనిమిదే. డాక్టరు అడిగినదానికి జవాబు మీ గీతలోనే ఉంది, తేదీలతో సహా.

అయ్యో, మీరెందుకు ఏడుస్తారు? మీ తప్పేముంది ఇందులో.

ఇక వాటిని తీసేస్తారా? ముప్పై నాలుగు ఫొటోలు. ఇంట్లో ఆవిడ బొమ్మంటూ ఉన్నది గుర్తింపు కార్డు మీద ఒక్కటే, అదీ మసకమసగ్గా. సరేలెండి, తప్పు కొలత సైన్సుకి పనికిరాదు, నాకా మాత్రం తెలుసు. తీసేసే ముందు కాగితం మీద అచ్చు వేసివ్వండి. ఆకు సగం తెగిపోయినా ఫర్వాలేదు. వేలు పూర్తిగా పడేట్టు చూడండి.

ఏదీ, ఆ ఫారం ఇటివ్వండి. 'పొరపాటుకి కారణం' అట. వేలు చిక్కింది అని మాత్రం రాయకండి. పాపం, ఆవిడ పెట్టిన వేలు పెట్టినట్టే ఉంచింది, ఒక్కసారి కదపలేదు. ఫొటో తీసినవాడు ఆకునే చూశాడు అని రాయండి. నేను సంతకం పెడతాను.