పదో మనిషి

హనోకని మా మామ ఉండేవాడు. మామంటే మా ఆయన నాయన. పాలెంలో మా శనారపోళ్ళ సమాజమందిరానికి ఆయనే పెద్ద. శనారపోళ్ళంటే తెలవదా? యూదులమమ్మా, యూదులం. ఊళ్ళోవాళ్ళకి ఆ పేరు నోటికి పట్టక, శనారం పూట పొయ్యి ముట్టించం, పనిలోకి పోం కాబట్టి అట్టా పిలిచేవాళ్ళు. నవ్వబాకండి, నాట్ల కాలంలో వారానికో రోజు కూలి పోగొట్టుకుని చూడండి, నవ్వెట్టా వస్తదో. సరే, ఈ మామకి ఉన్న బాధల్లా ఒకటే. మా పద్ధతిలో పదిమంది మగాళ్ళు కూడితేగాని ధర్మశాస్త్రాన్ని పెట్టెలోంచి బయటికి తీసి చదవకూడదు. మాకేమో మగాళ్ళు తొమ్మిదిమందే. పదోవాడు యాసేబు మిరపకోతలకని పోయి, అక్కడే ఒక పిల్లని చేసుకుని మళ్ళీ మొహం చూపించలా. అందుకని రెండేళ్ళు ఆ పెట్టె మూసింది మూసినట్టే ఉంది. మామ ప్రతి శనారం వేలుపెట్టి లెక్కపెట్టేవాడు, ఎక్కడన్నా ఒకడు పెరిగాడేమోనని. మేం ఆడోళ్ళం తెరవతల ఇరవైమందిమి కూర్చునుండేవాళ్ళం. ఆ వేలు మా దిక్కు వస్తే ఒట్టు.

ఏమైందంటే, ఒక శుక్రారం మామ చేపలకని సముద్రం ఒడ్డుకి పోయాడు. మేం పొలుసున్న చేపే తింటాం, అందుకని ఆయన కళ్ళతో చూస్తేగాని కొనడు. అక్కడ ఇసకలో ఒక మొగుడూ పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు తడిసి ముద్దై కూర్చునున్నారంట. శ్రీలంకలో తమిళోళ్ళ మీద గొడవలప్పుడు వీళ్ళ ఇల్లు తగలబెడితే పడవెక్కారు. ఆ పడవ దారి తప్పి మా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఇదంతా మాకు తర్వాత తెలిసిందిలే. అప్పుడు వాళ్ళ మాట మాకు రాదు, మా మాట వాళ్ళకి రాదు. మామ చేపల సంగతే మర్చిపోయి, వాళ్ళని బండెక్కించి తెచ్చి మా వసారాలో దించాడు. పొద్దుగూకతా ఉంది. మా శనారం, దాన్నే సబ్బాతంటాం, శుక్రారం పొద్దుగూకితేనే మొదలు. నేను ఆ సబ్బాతు దీపాలు పెట్టబోతన్నా. ఆ పిల్లల తల్లి, ఈశ్వరి ఆమె పేరు, నా చేతిలో నూనెగిన్నె చూసి ఇట్టా సైగ చేసింది, కాస్త పొయ్యమని. పోశా. ప్రమిద కడిగి, వత్తి వేసి, దీపం పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. మామ చూశాడు. చూసి అరుగు మీదనించి కిందపడబోయాడనుకో. "శుక్రారం పొద్దుగూకి దీపం! అమ్మాయ్ కెజియా, మనోళ్ళేనే! ఏనాడో చెదిరిపోయిన మన గోత్రం, సముద్రం దాటి ఇల్లు వెతుక్కుంటా వచ్చింది!" అని ఒకటే ఏడుపు. ఆయన్ని చూసి వాళ్ళూ ఏడ్చారు. ఎందుకేడుస్తన్నారో ఎవరికి వాళ్ళకే తెలవాలి.

ఇంకేముంది, మర్నాడే ఆ మొగుణ్ణి, కందయ్యని, నెత్తిన టోపీ పెట్టి పదో మనిషిగా నిలబెట్టారు. అందరూ నిలబడితే నిలబడ్డాడంట, కూర్చుంటే కూర్చున్నాడంట, ఆమెన్ అంటే ఆమెన్ అన్నాడంట. పెట్టె తలుపు బిగుసుకుపోయి రాకపోతే ముగ్గురు లాగాల్సొచ్చింది. కందయ్య వడ్రంగి. రెండోరోజే ఆ తలుపు చిత్రిక పట్టి ఇచ్చాడు. మేమూ ఊరుకున్నామా? ఇంటికో వారం బియ్యం ఇచ్చాం, పిల్లల్ని బళ్ళో వేశాం, ఈశ్వరికి చీరలిచ్చాం. అయితే ఒకటి. ప్రతి శుక్రారం మా పద్ధతిలో కోసిన కోడి వండి పెడితే మొగుడూ పెళ్ళాం చేతులడ్డం పెట్టేవాళ్ళు. మిగతా రోజుల్లో అదే కోడిని సుబ్బరంగా తినేవాళ్ళు. నాకప్పుడే అనుమానం. మామతో అంటే, "సబ్బాతు కదమ్మా, మన కోత మీద నమ్మకం చాలట్లా. మనకంటే నిష్ఠ గల గోత్రం" అని కత్తిని ఇంకో నాలుగుసార్లు నూరించాడు. ఆ కత్తి అరిగి సగమైందిగాని కందయ్య మాత్రం చెయ్యి తియ్యలా.

ఆర్నెల్లకి తాసిల్దారు కబురెట్టాడు. లంకోళ్ళు ఊళ్ళో ఉండాలంటే ఇక్కడివాళ్ళు పదిమంది పూచీ సంతకాలు పెట్టాలి, లేదంటే కందయ్య ఒక శిబిరానికి, ఈశ్వరీ పిల్లలూ ఇంకో శిబిరానికి. బుధారం వచ్చి తేలుస్తానన్నాడు. మామ ధీమాగా ఉన్నాడు. ముందే అర్జీలో "ఇతను మా యూదుడే, మా గోత్రమే" అని రాసిచ్చాడాయె. మంగళారం సాయంత్రం కందయ్య వచ్చి మామ కాళ్ళదగ్గర కూర్చున్నాడు. అప్పటికి మన మాట బాగానే వచ్చింది. "అయ్యా, అర్జీలో ఏం రాశారో మా పెద్దపిల్ల చదివి చెప్పింది. నేను మీవాణ్ణి కాదయ్యా. మేం మురుగన్‌ని కొలుస్తాం, మీ ఊళ్ళో సుబ్రమణ్యసామి అంటారే, ఆయన్ని. శుక్రవారం మాకు మంచిరోజు, దీపం పెడతాం, మాంసం ముట్టం. మొదట్లో మీరేమనుకుంటున్నారో తెలీలా. తెలిశాక చెప్పాలంటే భయమేసింది. ఇప్పుడు నాకోసం మీచేత అబద్ధం ఆడించలేను" అన్నాడు. అని తల ఎత్తలా. మామ వేళ్ళమీద లెక్క కట్టాడు. కాసేపటికి "ఇరవయ్యారు శనారాలు!" అన్నాడు. అంతే. ఆ పూట అన్నం ముట్టలా. నేను లోపల ఈశ్వరి మొహం చూడలేక చచ్చా. రేపీపాటికి మొగుడొకచోట, తనొకచోట. మగాళ్ళలో నలుగురు "మనల్ని మోసం చేశాడు, పోతే పోనీ" అన్నారంట. దానికి మాత్రం మామ లేచాడు. "మోసం ఎక్కడ చేశాడ్రా? ఒక్కమాటన్నా అడిగామా? దీపం చూసి ఎగిరింది మనం."

బుధారం తాసిల్దారు రానే వచ్చాడు. "ఏం పెద్దాయనా, ఇతను మీవాడేనా?" అన్నాడు. మామ జన్మలో అబద్ధం ఆడి ఎరగడు. "కాదయ్యా, నేను పొరపాటు రాశా. కొట్టేసి, మా పొరుగువాడని రాసుకోండి" అన్నాడు. "మీవాడు కాకపోతే నీకెందుకయ్యా ఈ తంటా?" "మావాడైతే పూచీ పడ్డంలో గొప్పేముందయ్యా? మా పెద్దలూ పరదేశంలో ఒకళ్ళ గడపముందు నిలబడ్డోళ్ళే." తాసిల్దారు అర్జీలో ఆ మాట కొట్టేసి, "నాకు గోత్రాలతో పనిలేదు, పది సంతకాలు కావాలి" అన్నాడు. ఆ నలుగురితో సహా అందరూ పెట్టారు. ఊళ్ళో మిగతావాళ్ళు పొలాలకి పోయారాయె, లెక్కచూస్తే తొమ్మిది! మామ వేలు అలవాటు కొద్దీ కందయ్య మీదికి పోయి ఆగిపోయింది. తన పూచీ తను పడకూడదుగా. నేను తలుపుచాటు నించి వచ్చి "ఇట్టా తెండి" అన్నా. అప్పటిదాకా మామ ముందు గట్టిగా దగ్గి ఎరగను. "ఆడోళ్ళని లెక్కపెట్టరమ్మా" అన్నాడు మామ. "మేం పెడతాం" అన్నాడు తాసిల్దారు. పెట్టేశా.

శనారం వచ్చింది. మళ్ళీ తొమ్మిదిమందే. కందయ్య టోపీ తీసి, బయట వసారాలో కూర్చున్నాడు. మామ పెట్టె దగ్గర బిక్కమొహమేసుకుని నిలబడ్డాడు. నేను తెర తీసుకుని ఇవతలికి వచ్చి "పది" అన్నా. "అది పద్ధతి కాదమ్మా" అన్నాడు. "మామా, ఆర్నెల్లు మురుగన్ భక్తుణ్ణి లెక్కపెట్టావు. దేవుడు ఏమన్నా అన్నాడా? నన్ను లెక్కపెడితే మాత్రం అంటాడా?" అన్నా. వసారాలో కందయ్య కిసుక్కున నవ్వాడు. మామ నన్ను చూశాడు, పెట్టెని చూశాడు, పైకి చూశాడు. పైనించి ఏ కబురూ రాలా. తలుపు తీశాడు.

కందయ్యావాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. చిన్నపిల్ల పెళ్ళికి మీరంతా తిన్నారుగా, ఆ పిల్లే. మామ పోయి పదేళ్ళైంది. బతికున్నన్నాళ్ళూ ప్రతి శనారం లెక్క మాత్రం నాతోనే మొదలుపెట్టేవాడు. కోడలు పదో మనిషని ఒప్పుకోవడం ఇష్టంలేక ఒకటో మనిషిని చేశాడమ్మా, ముసలోడు.