ఓడకు సొట్ట పెట్టిన ర్యాంపు

వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డున, చెంచులక్ష్మి టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని మేస్త్రీ పరంజ్యోతి పొద్దున్నుంచీ ఒకటే కోతలు కోస్తున్నాడు. నోరు ఆగితే భయం బయటపడుతుందని ఆయనకు తెలుసు. పడవలు పైకి లాగడానికి ఆయన పోసిన కొత్త ర్యాంపును పరీక్షించేందుకు ఇంజనీరు సుశీల్ కుమార్ వస్తున్నాడు. గట్టిగా లేదని తేలిందా, పగలగొట్టి మళ్లీ పోయాలి. ఇక ఈ తీరంలో పరంజ్యోతిని పనికి పిలిచేవాడుండడు.

అది మామూలు కాంక్రీటు కాదు, జియోపాలిమర్. అందులో సిమెంటు ఉండదు. కరెంటు ఫ్యాక్టరీ బూడిదలో సోడా మందు కలిపి, ఉప్పుగాలికి తుప్పు పట్టని సన్నటి ప్లాస్టిక్ పోగులు వేసి పోశారు.

"పోగులన్నీ ఒక్కసారే కుమ్మరిస్తే ఉండలు కడతాయబ్బా. నేను పిడికెడు పిడికెడు చల్లించినా. అందుకే ఆ బలం."

అంతవరకూ నిజమే. అక్కడితో ఆగితే ఆయన పరంజ్యోతి ఎందుకవుతాడు?

"గట్టిపడినాక సమ్మెట తీసుకుని ఒక్కటిచ్చినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సమ్మెట రెండు ముక్కలు, ర్యాంపు మీద గీత కూడా లేదు. ఇంక మొన్న అమావాస్య పోటుకి ఒక ఓడ, ఇంత పొడుగు ఓడ, దారి తప్పొచ్చి గుద్దుకునింది, దాని ముక్కు సొట్టపోయింది, కెప్టెను నాకు దండం పెట్టి మరీ వెనక్కి తిప్పుకుని పోయినాడు."

ఓడని మేమెవరమూ చూడలేదే అన్నాడు వలలు బాగుచేసే గిరిబాబు.

"నువ్వు నిద్రపోతా ఉంటివి. అయినా ఓడెంత? పోసిన రోజు సాయంత్రం మోటారేసి, పైపు దానిమీదికి పెట్టి ప్రార్థనకి పోయినా. తెల్లారి చూస్తే చుక్క లేదు. బోరు మొత్తం తాగేసి, ఇంకా ఉన్నాయా అన్నట్టు చూస్తా ఉంది."

అందరూ నవ్వారు. పరంజ్యోతి అసలు భయం మాత్రం ఆ నీళ్ల గురించే. స్లాబు పోశాక చుట్టూ మట్టి గట్లు కట్టి నీళ్లు నిలబెట్టడం మేస్త్రీల చేతికి పట్టిన అలవాటు. ఈ రకానికి మొదట్లో నీళ్లు తగిలితే మందు కొట్టుకుపోయి బలం చస్తుందనీ, ప్లాస్టిక్ పట్ట కప్పి ఉంచమనీ ఇంజనీరు చెప్పిన మాట మర్నాడు గానీ గుర్తు రాలేదు. పరుగున వచ్చి పట్ట కప్పాడు. ఆ నీళ్లన్నీ ర్యాంపు లోపలికే ఇంకాయన్న దిగులుతో అప్పటినుంచి సరిగ్గా నిద్ర లేదు.

చెంచులక్ష్మి టీ వడకడుతూ తలెత్తింది.

"తాగింది ర్యాంపు కాదు పరంజ్యోతీ, నా సరుగుడు నారు. మోటారు నాది, తీపి నీళ్లు తెచ్చి రాళ్ల మీద పోస్తావా? నువ్వు అట్టా పోతానే పైపు నారుమడికి తిప్పినా. తిడతావని చెప్పలా."

"గట్ల లోపలికి పడలేదా అక్కా?"

"పడనిస్తేనా."

జనం పగలబడి నవ్వారు. మరి ఓడ సంగతేమిటని గిరిబాబు నిలదీశాడు.

"ఓడా లేదు, ఏమీ లేదు పో," అన్నాడు పరంజ్యోతి. పరువు పోతే పోయింది, ప్రాణం లేచొచ్చింది. దేవునికి స్తోత్రం చెప్పుకుని, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇంజనీరు రానే వచ్చాడు. పరికరంతో అక్కడా ఇక్కడా కొట్టి చూసి, అనుకున్నదానికంటే గట్టిగా ఉందనీ, నీళ్లు తగలనీయకుండా బాగా చూసుకున్నాడనీ మెచ్చుకున్నాడు.

పరంజ్యోతి చొక్కా సర్దుకున్నాడు.

"ఏముంది సార్, ఒక్క చుక్క పడకుండా నేనే కాపలా కాసినా."

చెంచులక్ష్మి ఇంజనీరు చేతికి టీ అందించింది.

"అవును సార్. మోటారేసి మరీ కాసినాడు."