వంతెన మీద పడిపోయినవాడు

1967, విజయనగరం. సినిమా హాల్లో ఆదివారం ఉదయం ఆటకి విరామం. ఆడవాళ్ల బెంచీ మీద అత్త కూర్మమ్మ, కోడలు నీలవేణి.

"ఆడే అత్తా. పోయిన ఆదివారం బొమ్మలో వంతెన మీద సచ్చిపోనాడే, ఆడే. గెడ్డం కింద గాటు సూడనేదేటి?"

"అందరూ తెల్లోల్లే. నాకొక్కలాగే ఉన్నారు."

"ఇయాల రొట్టె తింతన్నాడు. నవ్వుతన్నాడు."

"గేటుకాడ అసిరయ్య సెప్పినాడు. ఈ ఇటలీవోల్లు తక్కువ డబ్బుల్తో తీస్తారంట. కొత్తోల్లని తేలేక, సంపినోన్నే కోటు మార్చి మల్లీ సంపుతారంట."

"అసిరయ్యకేటి తెలుసు."

"శనక్కాయలు తిను."

"నాకొద్దు. పటాలంలోనూ అంతే అత్తా. పడిపోనాడని ఒకడంతాడు, ఇంకెవులో ఎత్తుకెల్లి బతికించుకుంతారు. యుద్ధంలో నీ కొడుకు కనబడ్డం నేదని టెలిగ్రామొచ్చినాది గాని, సచ్చిపోనాడని ఎవులూ రాయనేదు కదా."

"ఊఁ."

"ఊఁ అంతావేటి? పాకిస్తానోల్ల జైల్లో ఉంతాడని నువ్వే అన్నావు."

"అన్నాను."

"ఎన్నిసార్లన్నావు?"

"అన్నానే. తిను."

"మరి రేపు మా అన్నొస్తే అదే సెప్పు. గరివిడి సమ్మంధం వద్దను. మొగుడు బతికున్నదానికి మారుమనువేటని అడుగు."

"ఆ గరివిడోడు మంచోడేనంట."

"అత్తా."

"ఫేక్టరీలో పని. తాగడంట."

"నువ్వేనా ఈ మాటన్నాది? నా బొట్టు సెరపమన్నోల్ల మీదకి సీపురట్టుకెల్లినదానివి, నువ్వేనా?"

"లే. ఎల్లిపోదాం."

"ఇంకా సగం ఉన్నాది. ఈసారి ఆడు బతుకుతాడేమో సూడాల."

"బతకడు."

"నీకెలా తెలుసు?"

"ఆన్ని తెచ్చిందే సంపడానికి. కూకో. ఇలా సూడు. రేపు మీ అన్నతో ఎల్లిపో."

"ఎల్లను. మావొస్తే ఏ మొకం పెట్టుకుని—"

"రాడే."

"అలాగనకు."

"నువ్వు కోతకెల్లిన రోజు పటాలం నుంచి ఉత్తరమొచ్చినాది. గణపతిరావు మేష్టారు సదివినారు. నీకు సెప్పొద్దని ఆయన కాల్లట్టుకున్నాను."

"ఏ కోతలకి?"

"యుద్ధమయిన ఏటి కోతలకే."

"రెండేల్లు. రెండేల్లు నా పక్కలో పడుకున్నావు, నా కంచంలో తిన్నావు, ఒక్కనాడైనా—"

"నీ సేతికి గాజులున్నన్నాల్లూ నా కొడుకు సచ్చిపోనేదే."