ఆగకుండా తోసుకెళ్లిన స్ట్రెచర్

“ఆ రోజు జూన్ పదకొండు. పొద్దున రెండు గుడ్లూ, కాల్చిన రొట్టే తిన్నాను. అప్పుడే కుడిచేతిలోంచి చెంచా జారిపోయింది.”

“భేష్! మాట తడబడటం లేదు బాబాయ్. ఏదీ, కుడిచెయ్యి ఎత్తండి.”

వార్డు చివరి గదిలో నర్సు, పక్షవాతం నుంచి కోలుకుంటున్న పెద్దాయన్ను పరీక్షిస్తోంది.

“ఎత్తాను. కానీ తల్లీ, ఆ రోజు మీ మీద ఒళ్లు మండిపోయింది. అంబులెన్సులోంచి దింపి, మంచమైనా వేయకుండా స్కానింగ్‌కి తోసుకుపోయారు. ఒక్కరూ పలకరించలేదే!”

“పలకరింపులు ఫోన్లోనే అయ్యాయి. దారిలోనే మీ అమ్మాయి అన్నీ చెప్పేసింది. మీరొచ్చేసరికి స్కానింగ్ బల్ల ఖాళీ చేసి, మందు పట్టుకుని నిలబడ్డాం. మెదడులో రక్తస్రావం లేదని తేలగానే, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చేశాం. ఆలస్యమైతే మాట పోయేది.”

“తెలుసమ్మా. మా ఆవిడకీ ఇదే జబ్బు. అప్పుడు ముందు మంచం వేశారు, దుప్పటి కప్పారు, నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఎంత మర్యాదో! స్కానింగ్ మాత్రం సాయంత్రానికి. ఆ తర్వాత పోయేదాకా ఆవిడ నోట మాట రాలేదు.”

“అప్పటికి ఈ పద్ధతి లేదు బాబాయ్.”

“నిష్ఠూరం కాదు తల్లీ. ఆ మర్యాదలేవీ నాకు చెయ్యనందుకు నీకు దండం పెడదామని. చూడు, రెండు చేతులూ కలిశాయి.”

“దండాలు చాలుగానీ, ఇక పడుకోండి.”

“పడుకుంటాలే. మా ఆవిడతో కాసేపు మాట్లాడుకుని.”

నర్సు దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.