కుళాయి నీళ్ళు

(రంగు చేపల షాపు. బల్లకి అటువైపు షాపు నడిపే అమ్మాయి, ఇటువైపు పని కోసం వచ్చిన పెద్దమనిషి.)

"ఫారంలో ఈ గడి ఖాళీగా వదిలేశారేంటి?"

"ఏ గడండీ?"

"'ఇంతకుముందు ఎక్కడ పనిచేశారు' అన్నది. మిగతావన్నీ ముత్యాల్లా నింపారు. ఇక్కడికొచ్చేసరికి పెన్ను ఆగిపోయిందా?"

"అదేం లేదు మేడమ్. నేనెక్కడా పనిచెయ్యలేదు. అంటే... నా దగ్గరే మనుషులు పనిచేసేవాళ్ళు."

"మీ దగ్గరా?"

"ఇదే వ్యాపారమండీ. రంగు చేపలు. మీరేమనుకోకపోతే, దీనికి నాలుగింతలుండేది నా షాపు."

"నాలుగింతల షాపు ఓనరు, అరవై దగ్గరపడ్డాక, నా షాపులో ట్యాంకులు కడుగుతానని వచ్చారు."

"కడుగుతానమ్మా, సిగ్గేముంది. బయట అద్దం మీద 'మనిషి కావాలి' అని చూశాను. ఆర్నెల్లుగా తిరుగుతున్నా. వయసు చూసి ఎవరూ గుమ్మం దాటనివ్వట్లేదు. మీరే కూర్చోమన్నారు."

"కూర్చోమన్నానంతే. ఉద్యోగం ఇస్తాననలేదు. షాపెందుకు పోయింది?"

"అదో పెద్ద కథ."

"నాకు తొందరేం లేదు."

"పనివాడు ముంచాడు మేడమ్."

"ముంచాడా?"

"నిలువునా ముంచాడు. పన్నెండేళ్ళు నా ఉప్పు తిని, ఒక్కపూటలో నా పరువు మట్టిలో కలిపేశాడు. ట్యాంకులో విషం కలిపాడు."

"అబ్బో."

"హోటల్ వాళ్ళ కోసం తయారుచేసిన ట్యాంకండీ. ముప్ఫై డిస్కస్ చేపలు, ఒక్కోటి పళ్ళెమంత. సాయంత్రం అప్పగించాలి. మధ్యాహ్నానికి అన్నీ తేలిపోయాయి. హోటలాయన మళ్ళీ గడప తొక్కలేదు. ఆ తరవాత ఏం చేప తెచ్చినా నిలవలేదు. వాణ్ణి పంపేశాక ఒక్కటీ బతకలేదంటే నమ్మండి. ఏళ్ళతరబడి ఈడ్చి ఈడ్చి పోయినేడు మూసేశాను."

"ఆయన కలపడం మీరు చూశారా?"

"చూడాలా ఏంటి? రెండో తాళంచెవి వాడిదగ్గరే ఉండేది. సెలవడిగితే విసుక్కున్నాను. కక్ష పెట్టుకున్నాడు."

"పేరేంటి?"

"ఎవరిది?"

"మిమ్మల్ని ముంచినాయనది."

"వాడిదా... బకెట్టు."

"అమ్మానాన్నా పెట్టిన పేరు అడిగాను."

"ఏదో ఉండేది. గుర్తులేదు మేడమ్. అందరం బకెట్టనే పిలిచేవాళ్ళం."

"పన్నెండేళ్ళు చేసిన మనిషి పేరు గుర్తులేదు."

"వాడి పేరు మీకెందుకండీ?"

"ఊరికే. బకెట్టని ఎందుకో?"

"చాదస్తం. కుళాయికి పైపు తగిలించి ట్యాంకులో పెడితే ఐదు నిమిషాల పని. ఛస్తే ఒప్పుకునేవాడు కాదు. ముందురోజే నీళ్ళు పట్టి ఉంచి, మర్నాడు ఒక్కో బకెట్టే మోసి పోసేవాడు. ఎటు చూసినా బకెట్లే. కస్టమర్లు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ పేరు నేనే పెట్టాను."

"ఇప్పటికీ నవ్వొస్తోంది మీకు."

"పాత అలవాటు మేడమ్. మరి, ఉద్యోగం..."

"చేతిపని చూశాక చెప్తా. ఆ మూల ట్యాంకులో ఏంజెల్ చేపలున్నాయి చూశారా? మూడోవంతు నీళ్ళు తీసేసి కొత్తవి పొయ్యండి. కుళాయి పక్కనే ఉంది. పైపు కూడా తగిలించే ఉంది."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

"చేతులు కడుక్కుంటాను. సబ్బొద్దు, ఉత్త నీళ్ళు చాలు... ఇదిగో, పాత నీళ్ళు తీసేశాను. ఇంత చాలా?"

"చాలు. పైపు పెట్టండి."

"పైపా?"

"పైపే."

"ఒక... ఒక బకెట్టు ఉంటుందా మేడమ్?"

"ఏమన్నారు?"

"బకెట్టు. ఒక్కటి ఇప్పించండి."

"ఐదు నిమిషాల పని కదా. చాదస్తమెందుకు?"

"ఉండండి, వాసన చూస్తాను. అబ్బే, మందు వాసన కొడుతోంది. ఇప్పుడే వదిలినట్టున్నారు నీళ్ళు. రాత్రంతా నిలవుంచితే క్లోరిన్ దానంతటదే పోతుంది, అంత టైమ్ లేదు కదా. దాన్ని పోగొట్టే చుక్కలమందు ఎక్కడ పెట్టారు?"

"చుక్కలెందుకు? మనం తాగే నీళ్ళేగా."

"మనం తాగుతాం, అవి పీలుస్తాయి! మొప్పలు కాలిపోతాయి మేడమ్. పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. గాజుకేసి టపటపా కొట్టుకుంటాయి. ఆ చప్పుడు... మీరు వినుండరు. వింటే జన్మలో పైపు ముట్టుకోరు."

"మీరు విన్నారా?"

"ఆఁ? లేదు. ఎవరో చెప్పారు."

"ఎవరు?"

"ఎవరో."

"టపటపమని కొట్టుకుంటాయని కూడా ఎవరో చెప్పారా?"

"బకెట్టు మేడమ్, బకెట్టు ఇప్పించండి."

"చెయ్యి వణుకుతోందేం?"

"వయసండీ."

"ఫారం నింపినప్పుడు వణకలేదే. ఆ వయసే కదా."

"మీరు ఏం అడగాలనుకుంటున్నారో సూటిగా అడగండి."

"అడుగుతా. మీ చేపల్ని చంపింది విషం. అవునా?"

"అవును."

"కలిపింది పనివాడు."

"అవునన్నాగా!"

"అలాంటప్పుడు పనివాణ్ణి తలుచుకుంటే మీకు వణుకు పుట్టాలి. కుళాయిని చూస్తే ఎందుకండీ వణుకు?"

"ఈ పైపు కింద పెట్టేస్తానండీ."

"పట్టుకోండి. పైపే, పామేం కాదు."

"కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

"కుళాయి ఎదురుగానే ఉంది."

"ఒక్క నిమిషం కూర్చుంటానమ్మా."

"నిలబడే చెప్పండి. ఆ రోజు ఆయన షాపులో ఉన్నాడా?"

"లేడు."

"ఎక్కడికెళ్ళాడు?"

"పూట సెలవు పెట్టాడు. కూతురికి బళ్ళో ఏదో బహుమతి ఇస్తున్నారని."

"పరుగుపందెం. రెండో బహుమతి. ఊఁ, చెప్పండి."

"మీకెలా..."

"చెప్పండి!"

"హోటలాయన ఫోన్ చేశాడు. ఫొటోలు తీయిస్తాడట, నీళ్ళు అంచుదాకా ఉండాలన్నాడు. నాలుగు వేళ్ళు తక్కువున్నాయి. బకెట్లలో నీళ్ళున్నాయి, కాదనను. కానీ ఎవడు మోస్తాడు? ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. పైపు పెట్టేశాను. ముందురోజే వీధిలో గొట్టాలు బాగుచేసి, నీళ్ళలో మందు గుప్పించారట. నాకు జలుబు, వాసన కూడా తెలీలేదు."

"తరవాత?"

"అన్నీ తేలాయి. అప్పుడే హోటలాయన గుమ్మంలోకొచ్చి, ఏంటిదీ అన్నాడు. పనివాడు విషం కలిపాడని నోటికొచ్చింది అనేశాను. ఒక్క మాట. ఒక్క మాటేనమ్మా."

"ఒక్క మాటా? ఆయన ఫొటో వేసి, 'విషం పెట్టేవాడు, పనిలో పెట్టుకోకండి' అని రాసి, ఊళ్ళో ఉన్న ప్రతి చేపల షాపుకీ పంచారు. అది కూడా నోటికొచ్చిందేనా?"

"ఒకసారి అన్నాక వెనక్కెలా తీసుకుంటాను? నలుగురిలో నా పరువేం కావాలి?"

"ఆ నలుగురిలో ఆయన కూతురుందండీ. బళ్ళో దాని డబ్బాలో అన్నం ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు, విషం ఉంటుందని. పదమూడేళ్ళ పిల్ల. రోజూ పొద్దున బడికెళ్తూ మీ షాపుకొచ్చి వాళ్ళ నాన్నకి క్యారియర్ ఇచ్చిపోయేది. ఒక్కసారైనా తలెత్తి చూసుంటే, ఇవాళ లోపలికి రాగానే గుర్తుపట్టేవారు."

"నువ్వు... నువ్వా?"

"మీరు. మేడమ్. ఇందాకటిలాగే."

"అయితే అంతా తెలిసే అడిగారా?"

"నాన్న ఆ మధ్యాహ్నమే కనిపెట్టాడు. ట్యాంకు అంచుదాకా ఉంది, బకెట్లూ నిండుగానే ఉన్నాయి. మరి ట్యాంకులోకి నీళ్ళెక్కడివి? ఎంత మొత్తుకున్నా ఎవరు విన్నారు? అందుకే మీ నోటితో వినాలనుకున్నా. పదిహేనేళ్ళు, పడుకునేముందు రోజూ మీతో పోట్లాడాను తెలుసా? మీకు తెలీకుండానే రోజూ చెంపలు వాయించాను."

"ఇప్పుడు వాయించండి. పడతాను."

"చెంపదెబ్బ సాయంత్రానికి తగ్గిపోతుంది. ఫారం తీసుకోండి. ఆ ఖాళీ గడి నింపండి. నేను చెప్తా, మీరు రాయండి."

"ఏం రాయాలి?"

"ముందు ఆయన పేరు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. చెప్తున్నా, రాసుకోండి... రాశారా? 'ఈయన ఏ తప్పూ చెయ్యలేదు. నా చేపల్ని నేనే కుళాయి నీళ్ళు పెట్టి చంపాను. నా పరువు కోసం ఈయన బతుకు నాశనం చేశాను.'"

"నాశనం అంటే మరీ..."

"రాయండి. 'నాశనం'లో దీర్ఘం మర్చిపోకండి. కింద సంతకం."

"దీన్నేం చేస్తారు?"

"ఫొటో తీసి ఊళ్ళో ఉన్న ప్రతి చేపల షాపుకీ పంపిస్తా. ఒక్కటి కూడా వదలను."

"పంపించండి. నాకు తగిన శాస్తే. ఇక వెళ్ళనా?"

"ఎక్కడికి? ఉద్యోగం ఇస్తున్నాగా."

"ఏంటీ?"

"రేపు తొమ్మిదింటికి రండి. వెనక గదిలో నలభై ట్యాంకులున్నాయి, పిల్లచేపలు. అదంతా మా నాన్న పెంపకం. మీకు పని చెప్పేది ఆయనే. ఆయనొస్తే లేచి నిలబడాలి. సార్ అనాలి. నీళ్ళు మొయ్యాలి, ఒక్కో బకెట్టూ. మీకూ ఒక పేరు పెట్టుకుంటాం, కస్టమర్లు నవ్వుకునేలా."

"మోస్తాను."

"పౌరుషం రావట్లేదా మీకు?"

"ఎక్కడిదమ్మా పౌరుషం. పొద్దున ఐదింటికే మెలకువొచ్చేస్తుంది. స్నానం చేస్తా, ఇస్త్రీ చొక్కా వేసుకుంటా, కుర్చీలో కూర్చుంటా. వెళ్ళడానికో చోటుండదు. కోడలు చీపురు పట్టుకొచ్చి కాళ్ళెత్తమంటుంది, ఎత్తుతా. మళ్ళీ దింపుతా. అంతే, నా రోజు అయిపోయింది. ఏ పేరైనా పెట్టండి, ఎన్ని బకెట్లైనా మోయించండి. పని ఒక్కటి ఇవ్వండి చాలు."

"ఇచ్చాననే కదా చెప్తున్నా. నాన్నా! ఓ నాన్నా! ఒకసారి ఇటు రా. ఎవరొచ్చారో చూడు."

"ఇక్కడే ఉన్నా తల్లీ, తలుపు పక్కనే. అంతా విన్నాను. నమస్తే సార్. బాగా సన్నబడ్డారు."

"నన్ను సార్ అనకు... అనకండి. నన్ను క్షమించు. క్షమించండి."

"నిలబడ్డారేం? కూర్చోండి."

"వద్దు. మేడమ్ నిలబడమన్నారు."

"నాన్నా, ఇదిగో, రాసి సంతకం పెట్టాడు. చూడు. నీ పేరు, ఇంటిపేరుతో సహా."

"కళ్ళజోడు లోపల ఉంది. అయినా అక్షరాలు తెలుస్తున్నాయిలే. చేతిరాత మారలేదు సార్ మీది. ఈ కాగితం జాగ్రత్తగా దాచు తల్లీ. మీ అమ్మకి నేనే చదివి వినిపిస్తా."

"రేపట్నుంచి నీ కింద పనిచేస్తాడు నాన్నా. రోజూ నీ ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. దీనికోసమే పదిహేనేళ్ళు చూశాను నేను. సంతోషంగా లేదా?"

"ఉంది. ఉండకేం. సార్, మీ కోడలు కాళ్ళెత్తమంటుందా?"

"అంటుంది. రోజూ."

"మా ఆవిడ అనేది కాదు. నన్ను కదపకుండా కుర్చీ చుట్టూ ఊడ్చుకుంటూ పోయేది. తొమ్మిదేళ్ళు."

"నాకు తెలీదు."

"తెలీదులెండి. నాకూ ఐదింటికే మెలకువొచ్చేది. ఏ షాపుకెళ్ళినా నా ఫొటో తీసి చూపించి నవ్వి పంపేవాళ్ళు. కొన్నాళ్ళకి వెళ్ళడం మానేశా. ఊరికే చొక్కా వేసుకుని కూర్చునేవాణ్ణి. సాయంత్రం ఎప్పుడవుతుందా అని గోడగడియారం చూసేవాణ్ణి. అది కదిలేది కాదు."

"ఇప్పుడు నా బతుకూ అదే. అందుకే అడుగుతున్నా, మీ దగ్గర ఏ పనైనా సరే. నేల తుడవమన్నా తుడుస్తా."

"నాన్నా, ఇవాళే మొదలుపెట్టిద్దామా? ఆ బకెట్లు మోయించనా?"

"వద్దు తల్లీ. ఉద్యోగం వద్దు. పంపించెయ్యి."

"పంపించెయ్యాలా? ఇంత చేశాక ఆయన మీద జాలిపడుతున్నావా నువ్వు?"

"జాలిపడింది నువ్వే కదమ్మా, పని ఇస్తానన్నావు. ఇంటికి పంపించు, కూర్చోనీ."